గీత మందం

పొద్దుగాల ఆరు గంటలకు
కాజీపేట రైల్వే గ్రౌండుల అయిలయ్య
పాత డాల్డా డబ్బాకు బొక్కలు పొడిచి
సున్నం జల్లుకుంట పోతున్నడు.
నేను టేపు పట్టుకొని వెనక.
"ఎంత మందం మేడం?"
"అయిదు సెంటీమీటర్లు."
"గీతకు గూడ మందమా!" అని నవ్విండు.

ఉన్నది అయిలయ్యా.
ఉన్నది కాబట్టే నాకీ విజిలు.
చుట్టూ ఉన్న గీత బయటిది,
మడిమ అంచు తగిలినా బయట పడ్డట్టే.
నడిమి గీత వెనకటి సగానిది,
ముందటి సగానికి అండ్ల పావలా వాటా లేదు.
మూడు పాయింట్ల గీత తొక్కి వేస్తే
వచ్చేటివి రెండే.
నడుమ నిలబడ్డట్టు కనవడతది గని
ప్రతి గీతా ఎవరో ఒకరి దిక్కే.

గుండ్రంల నౌషీన్, రవళిక,
ఎవరి సగంల వాళ్లు.
మిగిలిన ఎనిమిది మంది గుండ్రం బయట,
రైలు ఆగకముందే డోరు మీద కన్నేసినోళ్ల లెక్క.
బంతి ఎగరేసిన.
పైకి పోయేటప్పుడు ముట్టొద్దు.
పోవుడు ఆగినంకనే తట్టాలె.
ఆ ఆగిన కాడ, ఆ రెప్పపాటు,
బంతి ఎవ్వరిదీ కాదు.
ఇరవై ఏండ్ల సంది నాకు నచ్చిన జాగ
మొత్తం గ్రౌండుల అదొక్కటే.

నౌషీన్ వేళ్ల కొసలతోటి తట్టింది.
షారోను ముందటి సగంల కెళ్లి ఎగిరి
గాల్లనే అందుకున్నది.
దిగేసరికి రెండు కాళ్లూ
నడిమి గీతకు వెనక.

"బ్యాక్ కోర్టూ!"
పరకాల బెంచి మొత్తం లేచింది.
సమ్మయ్య సార్ మెడల తువ్వాల తీసి నేలకు కొట్టిండు.
నేను ఊదలే.

"సార్, గాల్లున్న మనిషి ఏడున్నట్టు?"
"గాల్లనే ఉన్నట్టు!"
"కాదు సార్. ఆఖరుకు ఏ మట్టి మీదికెళ్లి లేచిందో
ఆడనే ఉన్నట్టు."
"అయితే ముందట లేచి వెనక పడ్డది. తప్పే గదా మేడం?"

నిజమే, లెక్క ప్రకారం తప్పే కావాలె.
గని ఎవరి చేతులా లేని బంతిని
గాల్లనే తమ జట్టుది చేసినోళ్లకు
పుస్తకం ఒక్క సడలింపు రాసింది:
ఏడ దిగితే ఆడ దిగనియ్యుండ్రి.
పట్టుకొని దిగొచ్చు.
గాల్లుండి వెనకున్న దోస్తుకు విసిరితే మాత్రం తప్పు.
బరువును తనతోటి దింపుకోవాలె గని
తనకన్న ముందు దింపొద్దు.

సార్ పుస్తకం అడిగిండు.
ఇచ్చిన. ఆ పేజీ మడిచే ఉన్నది,
మడత కాడ కాగితం చినుగుతున్నది.

పదకొండేండ్ల కింద, జమ్మికుంటల,
ఇసొంటి బంతికే ఊదిన.
తొమ్మిదో నంబరు, తిరుమల.
నాతోటి కొట్లాడలే.
బంతిని రెండు చేతులతోటి తెచ్చి
కడిగిన గిన్నె బోర్లించినట్టు
నా కాళ్ల ముందట పెట్టి పోయింది.
వాళ్లు ఓడిపోయిండ్రు.
ఆ ఒక్క బంతికే అని చెప్పలేను,
కాదని గూడ చెప్పలేను.
ఆ రాత్రి పుస్తకం తీసి చదివిన.
అన్నం ప్లేటులనే చల్లారింది.

మొన్న శుక్రారం హన్మకొండల
హుజూరాబాద్ బస్సు ఎక్కిన.
నిలబడ్డోళ్ల నడుమ
కాళ్లు ఎడం చేసి, రాడ్డు పట్టకుండనే
కండక్టరమ్మ వస్తున్నది.
నా ఆధార్ కార్డు చేతుల పట్టుకొని
పేరు రెండుసార్లు చదువుకున్నది.
"మేడం, ఆ రోజు నాది తప్పేనా?"

ఎల్కతుర్తి దాటినంక గుంతల పడి
బస్సు ఒక్కసారి ఎగిరింది.
అందరం సీట్ల మీదికెళ్లి లేచినం.
ఆమె కాళ్లు మాత్రం కదలలే.

"కాదు బిడ్డా. నేనే తప్పు ఊదిన."

ఏమనలే.
మిషన్ల కెళ్లి జీరో టికెట్ చింపి ఇచ్చింది.
దాని మీద ఎక్కిన ఊరు ఉన్నది, దిగే ఊరు ఉన్నది.
పైసల కాడ సున్నా.
వెనక సీట్ల దిక్కు తిరిగి
"టికెట్, టికెట్" అనుకుంట పోయింది.